తోడు పడక

మా యంత్రానికి మనిషి ఒక్కడే వస్తే పనికిరాడు. ఇద్దరు రావాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బిందెలో నీళ్లు తాగి, ఒకే డబ్బాలో ఉప్పు తిన్నవాళ్లయితే మరీ మంచిది. "ఇది స్కానింగా, సత్యనారాయణ వ్రతమా? జంటగా రమ్మంటారేం?" అని విశాఖపట్నంలో మా తోటి డాక్టర్లు కొన్నాళ్లు బాగానే నవ్వుకున్నారు. అలా నవ్వినవాళ్లలో ఇద్దరు తర్వాత తమ పేషెంట్లను మా దగ్గరికే పంపారు. నేను భౌతికశాస్త్రం మనిషిని, వయసు యాభై దాటింది. చాలా సంగతులు మరిచిపోతుంటాను గాని ఇలాంటివి మాత్రం గుర్తుంటాయి.

గుండె కండరంలో దెబ్బతిన్న చోటు ఎమ్మారైలో కనిపించాలంటే నరంలోకి రంగుమందు ఎక్కించడం అలవాటు. పాడైన కండ ఆ మందును పట్టుకుని తెల్లగా తేలుతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఆ మందు మూత్రంలో పోతుంది. కిడ్నీలు పోయినవాళ్లకు అది ఎక్కడికి పోవాలి? అందుకే వాళ్లకు ఎక్కించాలంటే డాక్టర్లు వెనకాముందూ ఆడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లంతా కిడ్నీల జబ్బువాళ్లే.

రంగు లేకుండానే చూడవచ్చు. కండలోని నీరు అయస్కాంతానికి ఇచ్చే జవాబులోనే మంచికీ చెడుకూ తేడా ఉంది. అయితే ఆ తేడా ఆవగింజంత. మనిషి ఊపిరి, ఆ పూట తిన్న ఉప్పు, ఒంటి వేడి, ఈ గోలలో అది కొట్టుకుపోతుంది. మా పెద్దాయన నరహరి గారు గుండె డాక్టరు. నా లెక్కలన్నీ విని ఆయన ఒక్కమాట అన్నారు. "చీర ఎంత వెలిసిందో తెలియాలంటే పక్కన వెలియని చీర పెట్టాలమ్మా."

దాంతో రెండు పడకల యంత్రం తయారైంది. అయస్కాంతం ఒకటే, సొరంగం వెడల్పుది. ఒకటి పేషెంటు పడక, రెండోది తోడు పడక. ఇద్దరూ పక్కపక్కన పడుకుంటారు, ఇద్దరి చేతులకూ కలిపి నాడి పట్టే మెత్తటి పట్టీ చుట్టుకోమంటాం, ఇద్దరూ ఒకే లయలో ఊపిరి తీస్తారు. జబ్బు గుండె లెక్కలోంచి మంచి గుండె లెక్క తీసేస్తే మిగిలేది దెబ్బ. తీసివేతలో సున్నా కిందికి పోయిన అంకెలన్నీ గోలేనని చెరిపేయించాం. తోడు వచ్చినవాళ్ల గుండె మంచిదే అయ్యుంటుంది కదా అని అందరి నమ్మకం.

కూర్మారావు, తవిటమ్మ వచ్చింది వానాకాలం మొదట్లో.

కూర్మారావుది కొబ్బరితోటల పని. చెట్టెక్కి కాయలు దింపేవాడు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక డయాలసిస్ మీద బతుకుతున్నాడు. చుట్టూ కొబ్బరిచెట్లే, కొబ్బరినీళ్లు మాత్రం నోట పెట్టకూడదు. తవిటమ్మ అతని మేనమామ కూతురు, జీడిపప్పు కార్ఖానాలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. ఆ పిక్కల జిడ్డుకి ఆమె వేళ్లు నల్లగా కమిలిపోయి ఉంటాయి. ఆమెకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, ఈ పిల్లనైనా మృత్యువు కంట పడకుండా దాచాలని, చాటెడు తవుడుకి పక్కింటివాళ్లకు అమ్మినట్టు చేసి మళ్లీ కొనుక్కుని ఆ పేరు పెట్టారట. వచ్చిన పది నిమిషాల్లో ఇదంతా ఆమే చెప్పింది.

"మావకి నా కిడ్నీ ఇస్తన్నానమ్మా. అన్నీ కుదిరినాయన్నారు. ఈ గుండె ఒక్కటీ సూసి సరే అనీసినారంటే అయిపోద్ది."

రివాజుగా అడిగేది అడిగాను. "తవిటమ్మా, నీకేమైనా జబ్బులున్నాయా? ఆయాసం, గుండెల్లో నొప్పి?"

ఆమె నోరు తెరిచేలోగా కూర్మారావు అందుకున్నాడు. "దానికేటమ్మా, గుండ్రాయి. ఒక్కనాడు మంచమెక్కి ఎరగదు."

తవిటమ్మ నవ్వేసింది. కిడ్నీ ఇవ్వడానికి ఆమెకు చేసిన పరీక్షల కాగితాలున్నాయి. ఈసీజీ బాగుంది, గుండె ఎకో బాగుంది. నేనూ సరే అనుకున్నాను.

కూర్మారావు ఎడమచెయ్యి మణికట్టు పైన ఉబ్బి, మెలితిరిగి ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి అక్కడ రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. రక్తం అందులోంచి ఎంత జోరుగా పోతుందంటే వేలు పెడితే గుయ్యిమంటుంది. ఆ మోత ఆగిందంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి గాజు, గడియారం, బీపీ పట్టీ ఏవీ కట్టకూడదు. దాని మీద ఒరిగి పడుకోకూడదు. ఫిస్టులా ఉన్న మనిషి మా యంత్రం దగ్గరికి రావడం అదే మొదలు. అంతకు ముందు వచ్చినవాళ్లు సూదుల దాకా పోనివాళ్లు.

మా టెక్నీషియన్ బాషా ఇద్దరికీ ఒకేరకం అంగీలు, మేజోళ్లు ఇచ్చి, ఎవరెక్కడ పడుకోవాలో చెప్పి, దుప్పట్లు కప్పాడు. గంట వినిపించగానే పట్టీ ఎలా చుట్టుకోవాలో చూపించి తలుపు వేసి వచ్చాడు. మా గదిలోంచి కెమెరాలో కనబడేది కాళ్లవైపు మాత్రమే. రెండు దుప్పట్లు, నాలుగు మేజోళ్లు.

"అమ్మా, మొదలెడదామా?" అని మైకులో అడిగాను.

"మొదలెట్టీండి" అన్నారు ఇద్దరూ.

ఊపిరి ఒక లయకు రావడానికి కొత్త జంటలకు చాలాసేపు పడుతుంది. అన్నదమ్ములైతే మరీను, మొండికేస్తారు. వీళ్లిద్దరూ ఇట్టే కలిసిపోయారు. "వీళ్లు భలేవాళ్లు మేడమ్" అన్నాడు బాషా.

పటం వచ్చింది. గుండె అడుగువైపు గోడలో, బొటనవేలి గోరంత మేర, ఎర్రగా మచ్చ.

నరహరి గారు చాలాసేపు చూశారు. ఎప్పుడో గుండెపోటు వచ్చి వెళ్లింది, ఎవరికీ తెలియలేదు అన్నారు. ఆ కబురు చెప్పే పని ఆయన ఎప్పుడూ ఇంకొకరికి వదలరు. కూర్మారావుని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ఇంత మచ్చ ఉన్న గుండెతో కిడ్నీ ఆపరేషనుకి మత్తు ఇవ్వలేమని, ఆ ఆపరేషన్ చేయాల్సిన పెద్దాసుపత్రివాళ్లు రెండురోజుల్లో తేల్చేశారు. ఆపరేషన్ ఆగిపోయింది.

ఆ వారం ఆ ఇంట్లో ఎలా గడిచిందో తవిటమ్మ తర్వాత చెప్పింది. ఆసుపత్రి వెనక సందులో వాళ్లు అద్దెకున్న గది. కూర్మారావు గోడవైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండేవాడట. తిండి పెడితే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు కాదు. ఒకరోజు ఉన్నట్టుండి, "నాలో బాగున్న అవయవం ఒక్కటీ నేదు. నన్నొగ్గీసి నువ్వు పనికి ఎలిపో" అన్నాడట.

"ఏటన్నావమ్మా నువ్వు?" అని ఆమె యాసలోనే అడిగాను.

"ఏటంటాను? సెయ్యి ఇటియ్యి, తుమ్మెద ఉందో నేదో సూడాల అన్నాను."

తుమ్మెద అంటే ఆ ఫిస్టులా మోత. పొద్దున్నే లేచి మొహం కడగక ముందే మొగుడి చెయ్యి చెవికి ఆనించుకుని వినడం ఆమె అలవాటు. అది విన్నాకే పొయ్యి ముట్టిస్తుంది.

మళ్లీ వారం ఇద్దరూ ప్రయోగశాలకి వచ్చారు. కూర్మారావు బయట బల్ల మీద కూలబడ్డాడు. తవిటమ్మ కొంగులో జీడిపప్పు మూటతో నా గదిలోకి వచ్చింది.

"నీకు దండవెడతానమ్మా, ఇంకోపాలి సూడండి. నానేటీ సదుకున్నదాన్ని కాదు. కానీ రోజూ ఇంటన్నాను గదా ఆ తుమ్మెదని. మొన్నా అలాగే ఉంది, ఇయ్యాలా అలాగే ఉంది. గుండె పాడైపోయినోడికి అంత జోరు ఎక్కణ్ణించి వొస్తాది?"

దాని జోరుకీ గుండె మచ్చకీ సంబంధం లేదని చెప్పబోయాను. చెప్పనిస్తేగా. నా చెయ్యి పట్టి బయటికి లాక్కుపోయింది. కూర్మారావు ఎడమచెయ్యి ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది. ఇన్నేళ్లుగా గుండెల మీద పనిచేస్తున్నాను, ఫిస్టులా గురించి చదివానే గాని చెవిపెట్టి విన్నది లేదు. నిజంగానే తుమ్మెద. చెక్కను తొలుస్తున్నట్టు గట్టిగా, తెరపి లేకుండా మోగుతోంది.

వాళ్లను కూర్చోమని లోపలికి వెళ్లాను. జీడిపప్పు తింటూ పాత లెక్కలు తెరిచాను. మొహమాటానికే తెరిచాను, ఏదో దొరుకుతుందని కాదు. కాని ఆ మోత చెవిలోనే ఉండిపోయింది. రక్తం అంత జోరుగా ఆ చేతిగుండా తిరిగివస్తోందంటే, ఆ మనిషి గుండె ప్రతి కొట్టుకీ మామూలుకన్నా ఎక్కువ రక్తాన్ని నెట్టాలి. ఆ ఎక్కువ నెట్టడం మా పటంలో కనపడదు. తీసివేయక ముందున్న అసలు అంకెల్లో మాత్రం ఉండి తీరాలి.

పేషెంటు పడక అంకెలు చూశాను. లేదు. ఆ గుండె మామూలుగానే నెడుతోంది.

తోడు పడక అంకెలు చూశాను. ఉంది. ప్రతి కొట్టుకీ ఉంది.

బాషాని పిలిచాను, నరహరి గారిని పిలిచాను. ముగ్గురం తెర ముందు నిలబడ్డాం.  తర్వాత నేను బయటికి వెళ్లాను.

"కూర్మారావూ, ఆవేళ లోపల నువ్వు ఏ పడక మీద పడుకున్నావు?"

మొగుడూ పెళ్లాలు మొహాలు చూసుకున్నారు. తవిటమ్మే చెప్పింది. "బాషా బాబు సెప్పినాడమ్మా ఇటు మావ, అటు నాను అని. కానీ అలగ పడుకుంటే మావ ఎడంసెయ్యి నడిమికి వొస్తంది. పట్టీ ఆ సేతికే కట్టాల. ఆ సేతికి పోగు కూడా కట్టకూడదని నర్సమ్మలు మరీమరీ సెప్పినారు. ఆ బాబు తలుపేసీసినాడు. మరేటి సేస్తాం? లేసి అటూ ఇటూ మారిపోనాం. తప్పయిపోనాదేటి?"

"బాషాకి చెప్పలేదేం?"

"ఎవులూ అడగనేదు గదమ్మా" అన్నాడు కూర్మారావు.

నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను. "కూర్మారావూ, నీ గుండెలో మచ్చ లేదు. ఆ మచ్చ నీది కాదు."

తవిటమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "సెప్పినానా! నాను సెప్పనేదా! ఓలమ్మో, మా తల్లే! ఇంకేటుంది, ఆపరేషన్ సేసీమనండి!" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నవ్వుతోంది, ఏడుస్తోంది, మొగుడి భుజం పట్టుకుని కుదుపుతోంది.

కూర్మారావు నవ్వలేదు. అతను నా మొహం చూస్తున్నాడు.

"అమ్మా, ఆ పడక మీద పడుకున్నది తవిటి గదా" అన్నాడు నెమ్మదిగా.

నేను తల ఊపాను. 

తవిటమ్మ మొగుడి భుజం వదిలేసింది. "నాదైతే ఏటైపోయింది? నాకేటీ నొప్పి నేదు" అంది.

"ఎప్పుడూ రాలేదా?" అని అడిగాను. ఈసారి ఆమెనే అడిగాను. కూర్మారావు నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

 నిరుడు ఎండల్లో కార్ఖానాలో పిక్కలు కొడుతుంటే దవడ లాగిందట. ఒళ్లంతా చెమట పట్టి, కడుపులో తిప్పిందట. గేసు అనుకుని సోడా తాగి, నీడన కాసేపు కూర్చుని మళ్లీ పనిలోకి వెళ్లిందట. ఆ రోజు మొగుడికి డయాలసిస్ రోజు, సాయంత్రం అతన్ని తీసుకురావాలి. అందుకని ఎవరికీ చెప్పలేదట.

"నాకు సెప్పాలిగదే" అన్నాడు కూర్మారావు.

"సెప్తే నువ్వేటి సేస్తావు, సూదుల మీదున్నావు."

అతను ఆమె నల్లటి వేళ్లు తన కుడిచేతిలోకి తీసుకుని అలాగే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నరహరి గారు, నేను ఒక లెక్క వేశాం. వేయకుండా ఉంటే మనసు కొంత తేలిగ్గా ఉండేదేమో. వాళ్లు బాషా చెప్పినట్టే పడుకుని ఉంటే ఏమయ్యేది? మంచి గుండె లెక్కలోంచి జబ్బు గుండె లెక్క తీసేస్తాం. అంకె సున్నా కిందికి పోతుంది. మా ప్రోగ్రామ్ దాన్ని గోల అనుకుని చెరిపేస్తుంది. పటం ఏ మచ్చా లేకుండా వస్తుంది. కూర్మారావు గుండె భేషుగ్గా ఉందని మేమే సంతకం పెట్టి పంపేవాళ్లం. పెద్దాసుపత్రిలో ఇద్దరినీ బల్లలెక్కించేవారు. మచ్చ ఉందని ఎవరికీ తెలియని గుండెతో తవిటమ్మ మత్తులోకి వెళ్లేది.

వాళ్లు చెప్పినమాట వినకపోవడమే ఆమెను కాపాడింది.

నరహరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరి చెప్పిన మాట విన్నవాళ్ల సంగతేమిటమ్మా?" అన్నారు.

అదే అసలు ప్రశ్న. మా యంత్రంలో పడుకున్న ప్రతి జంటకూ ఒక తోడు మనిషి ఉంది. భార్య, తల్లి, అన్న, కోడలు. వాళ్లెవరినీ మేం చూడలేదు. పక్కన పెట్టిన చీరలా వాడుకున్నాం, అంతే. మర్నాడే యంత్రం ఆపేశాం. పాత లెక్కలన్నీ తిరగదోడి, చెరిపేసిన అంకెలను మళ్లీ పైకి తెచ్చాం. చాలామంది బాగానే ఉన్నారు. కొందరిని పిలవాల్సి వచ్చింది. పిలిచినవాళ్లంతా భయపడుతూ వచ్చి, మందులు తీసుకుని, వెళ్తూ వెళ్తూ దణ్ణాలు పెట్టారు. ఆ దణ్ణాలు తీసుకోవడం మాకు చేతకాలేదు.

ఒక్క ఫోను మాత్రం ఆలస్యమైంది. కొడుకుకి తోడుగా వచ్చిన తల్లి ఆవిడ. నరహరి గారే చేశారు. అవతల కొడుకు ఎత్తి, అమ్మ పోయి నెల దాటిందని, గేసునొప్పి అని పడుకుని మరి లేవలేదని చెప్పాడు. నరహరి గారు కారు తీయించుకుని ఆ ఊరు వెళ్లారు. జరిగిందంతా దాచకుండా ఆ కుర్రవాడికి చెప్పి వచ్చారు. అతను ఏమన్నాడని నేను అడిగాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడమ్మా అన్నారు. 

తవిటమ్మ కిడ్నీలు రెండూ బంగారంలా ఉన్నాయి. కాబట్టి ఆమెకు రంగుమందు ఎక్కించవచ్చు. మా యంత్రాన్ని నమ్మని ఆసుపత్రిలోనే ఎక్కించి చూశారు. మేం చెప్పిన గోడలోనే, మేం చెప్పినంత మేరే తెల్లటి మచ్చ తేలింది. ఒక రక్తనాళం సగానికి పైగా మూసుకుపోయి ఉంది. రెండోసారి పోటు వస్తే నిలిచేది కాదు అన్నారు. ఏ రంగూ లేకుండా మా యంత్రం చూడగలదని రుజువైన రోజు అది. నవ్వినవాళ్లు అభినందనలు చెప్పారు. నాకు మాత్రం మజ్జిగ ఇచ్చిన కుర్రవాడే గుర్తొచ్చాడు.

ఆ రోజే ఆసుపత్రి వరండాలో మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకున్నారు. నేను, నరహరి గారు అక్కడే ఉన్నాం.

"ముందు మావకి కిడ్నీ తీసి పెట్టీండి బాబూ" అంటోంది తవిటమ్మ నరహరి గారితో. "నా గుండె సంగతి తర్వాత సూద్దాం. కాగితం మీద ఏలుముద్ర ఎయ్యమన్నా ఏస్తాను. ఇన్నాళ్లు లేంది ఇప్పుడేటొస్తాది?"

"నోరుముయ్యి" అన్నాడు కూర్మారావు.

"నానెందుకు మూస్తాను? నువ్వు సూదులతో ఎన్నాళ్లు..."

"ఎన్నాళ్లైతే అన్నాళ్లు! నీ కిడ్నీ నా కడుపులో ఉండి నువ్వు నేకపోతే, దాన్నేటి సేసుకుంటానే నాను? దాన్తో మాట్లాడతానా?" అతని గొంతు వరండా అంతా వినిపించింది. కూర్చున్నవాళ్లంతా తిరిగి చూశారు. "పుట్టగానే తవుడిచ్చి కొనుక్కున్నారు నిన్ను, సావు నుంచి. నాను మళ్లీ అమ్ముకుంటాననుకున్నావేటి?"

తవిటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. సంతోషంలో ఏడ్చింది వేరు.

కూర్మారావు నరహరి గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. ఎడమచేతి ఉబ్బు అడ్డం వచ్చి ఆ చేతులు సరిగా కలవవు. "బాబూ, మీ మిసను తప్పు సెప్పిందని అందరూ అంటన్నారు. నాకు తెల్దు. అది ఆ తప్పు సెప్పకపోతే ఇది నాకు దక్కేది కాదు. మీకూ, మీ మిసనుకీ దండం. నర్సమ్మలకీ దండం, పట్టీ కట్టొద్దని సెప్పినందుకు."

నరహరి గారు ఆ చేతులు పట్టుకున్నారు. "దండం పెట్టాల్సింది మేమయ్యా" అన్నారు. 

తవిటమ్మ రక్తనాళం తెరిచి లోపల స్టెంటు పెట్టారు. మందులు రాశారు. పిక్కలు కొట్టడం మాని కూర్చుని పప్పు ఏరే పనిలో చేరింది. కూర్మారావు పేరు, చనిపోయినవాళ్ల కిడ్నీల కోసం ఎదురుచూసేవాళ్ల వరసలో చేరింది. అది ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. సూదులు అలాగే నడుస్తున్నాయి. ఇప్పుడు పొద్దున్నే ఆమె తుమ్మెదని వింటుందట, ఆమె మాత్ర మింగేదాకా అతను గ్లాసు పట్టుకుని నిలబడతాడట. అలా కాపలా కాస్తే గాని మింగదట.

మేం ప్రోగ్రామ్ మార్చాం. సున్నా కింద అంకెలను ఇప్పుడు ఎవరూ చెరపరు. తోడు వచ్చినవాళ్లకూ ఒక పటం ఇస్తాం. ఏం జబ్బులున్నాయని అడిగేటప్పుడు తోడు మనిషిని విడిగా మరో గదిలో కూర్చోబెట్టి అడుగుతున్నాం. లోపల కెమెరా మొహాల వైపు తిప్పాం. ఫిస్టులా ఉన్నవాళ్ల కోసం పట్టీ తీసేసి వేలికి వదులుగా తొడిగే ఉంగరం తయారుచేశాడు బాషా. పరీక్షకని ముందు తన వేలికే పెట్టుకుని, అది రాక సబ్బునీళ్లలో చెయ్యి ముంచుకుని కూర్చున్నాడు. ఆ సంగతి ఇక్కడ రాస్తే ఊరుకోనన్నాడు, అయినా రాస్తున్నాను.

ఎండలు మొదలయ్యే వేళకి వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. తవిటమ్మ గుండె ఎలా కోలుకుంటోందో చూడాలి. ఈసారి జీడిపప్పు మూట కాస్త పెద్దది.

"పేర్లు చెప్పండి మేడమ్" అన్నాడు బాషా, కంప్యూటరు ముందు కూర్చుని. పేర్లు అతనికి తెలియక కాదు. ఇప్పుడు ప్రతిసారీ గట్టిగా చెప్పించుకుంటాడు.

"పేషెంటు తవిటమ్మ. తోడు కూర్మారావు."

అంగీ తొడుక్కుని నిలబడ్డ కూర్మారావు నా వైపు చూశాడు. "ఒక్కమాట అమ్మా. ఆ తోడు పడకలో బాగున్న గుండే ఉండాల గదా?"

"ఉండాలి."

"మరి నన్ను పడుకోమంటన్నారు."

"నీ గుండె బాగుంది కాబట్టే. పోయినసారి మచ్చ దొరికింది దానివల్లే. ఇవాళా దాని పక్కన పెట్టే ఆవిడది చూస్తాం. నీ గుండె సరైంది కాకపోతే ఆవిడది తెలిసేది కాదు."

అతను ఎడమచేతి ఉబ్బు మీద కుడిచెయ్యి వేసుకుని, అటు పడకనీ ఇటు పెళ్లాన్నీ చూశాడు.

"నాలో సరైంది ఒకటుందని ఎవులైనా సెప్పి ఎన్నాళ్లయిందమ్మా" అన్నాడు.

తవిటమ్మ అప్పటికే పేషెంటు పడకెక్కి దుప్పటి లాక్కుంటోంది. "సెప్పినాను గదా రోజూ, నువ్వింటేగా. రా మావా, ఆలీసమైపోతంది."

కూర్మారావు వెళ్లి తోడు పడక మీద జాగ్రత్తగా వాలాడు. అతని ఎడమచెయ్యి బయటివైపు, ఏ పట్టీ తగలకుండా హాయిగా ఉంది. కుడిచెయ్యి మాత్రం ఉంగరం తొడిగే దాకా ఆగకుండా ఆమె వైపు చాపాడు. ఆమె పట్టుకుంది.

బాషా తలుపు వేసి వచ్చి గంట మోగించాడు. తెర మీద ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి.

"ఊపిరి తీసుకోండి" అన్నాను మైకులో. "ఆపండి. ఇప్పుడు వదలండి."

ఇద్దరూ ఒక్కసారే వదిలారు.